ఒక్క క్లిక్కుకు ఎంత పెట్టవచ్చు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గూగుల్‌లో ప్రకటనలు ఇస్తున్న, ఇవ్వబోతున్న చిన్న వ్యాపారుల నుంచి వచ్చిన లేఖల్లో చాలావరకు బడ్జెట్ గురించే ఉన్నాయి. వాటిలో పదిమందికి పనికివచ్చే ఏడింటిని ఎంచుకుని ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. జవాబుల్లో వాడిన ధరలు, అమ్మకాల అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి మాత్రమే. పాఠకులు వాటి స్థానంలో తమ సొంత అంకెలు పెట్టి చూసుకోవాలి.

ప్రశ్న: మేము ఇంట్లో పచ్చళ్లు, పొడులు తయారుచేసి సొంత వెబ్‌సైట్ ద్వారా హైదరాబాదుకు, బెంగళూరుకు పంపుతున్నాము. ఇంతవరకు తెలిసినవారి మాట సాయంతోనే వ్యాపారం నడిచింది. ఇకపై నెలకు పది వేల రూపాయలు గూగుల్ ప్రకటనలకు కేటాయించాలనుకుంటున్నాము. అది సరిపోతుందా? అసలు సెర్చ్ ఇంజిన్ మార్కెటింగ్ అంటే ఏమిటో కూడా వివరించగలరు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాము. ఎవరైనా గూగుల్‌లో "గోంగూర పచ్చడి ఆన్‌లైన్" అని వెతికినప్పుడు వచ్చే పేజీలో రెండు రకాల ఫలితాలు ఉంటాయి. "స్పాన్సర్డ్" అన్న గుర్తుతో పైనా, కొన్నిసార్లు అడుగునా కనిపించేవి డబ్బు కట్టిన ప్రకటనలు. మిగిలినవి గూగుల్ ఎవరి దగ్గరా రుసుము తీసుకోకుండా తన పద్ధతిలో తాను పేర్చినవి. ఈ రెండో రకంలో పైకి రావడానికి చేసే కృషిని ఎస్‌ఈఓ అంటారు. మొదటి రకంలో చోటు కొనుక్కోవడాన్ని వాడుకలో సెర్చ్ ఇంజిన్ మార్కెటింగ్ అంటున్నారు. మీ ప్రకటన వెయ్యిమందికి కనిపించినా ఖర్చు ఉండదు. ఎవరైనా దాన్ని నొక్కి మీ సైట్‌కు వచ్చినప్పుడే డబ్బు పోతుంది కనుక దీనికి పే పర్ క్లిక్ అని పేరు వచ్చింది. పత్రికలోనో, ఫేస్‌బుక్‌లోనో ప్రకటన చూసే మనిషి ఆ సమయానికి పచ్చళ్ల గురించి ఆలోచిస్తూ ఉండడు. ఇక్కడ మాత్రం తనకు ఏమి కావాలో తానే టైపు చేసి చెబుతాడు. ఈ మాధ్యమం బలమంతా అదే, దీని ధరకు కారణమూ అదే.

ఇక పది వేల సంగతి. ఆ మొత్తం ఎక్కువా తక్కువా అని తేల్చేముందు, మీ సైట్‌కు వచ్చే ఒక్క క్లిక్కు మీకు ఎంత విలువ చేస్తుందో లెక్క కట్టాలి. మీ సగటు ఆర్డరు 1,200 రూపాయలనీ, అందులో సరుకులు, సీసాలు, ప్యాకింగ్, కొరియరు, పేమెంట్ గేట్‌వే రుసుము, పన్ను అన్నీ పోగా 420 రూపాయలు మిగులుతున్నాయనీ అనుకుందాము. సైట్‌కు వచ్చిన ప్రతి 100 మందిలో ముగ్గురు కొంటున్నారనుకుందాము. అప్పుడు 100 క్లిక్కుల వల్ల మీకు మిగిలేది 1,260 రూపాయలు, అంటే క్లిక్కుకు 12 రూపాయల 60 పైసలు. అది మీ గరిష్ఠ పరిమితి. అంతకు మించి పెడితే ఎన్ని ఎక్కువ ఆర్డర్లు వస్తే అంత ఎక్కువ నష్టం.

ఈ చోటనే చాలామంది పొరబడతారు. ప్రకటనల రిపోర్టుల్లో ఖర్చుకు ఎన్ని రెట్ల అమ్మకం జరిగిందో చూపే అంకె ఒకటి ఉంటుంది. దాన్ని రోయాస్ అంటారు. 400 రూపాయల ప్రకటన ఖర్చుతో 1,200 రూపాయల ఆర్డరు వస్తే ఆ అంకె 3 అని కనిపిస్తుంది, చూడటానికి ఎంతో బాగుంటుంది. మీ లెక్కలో మాత్రం ఆ ఆర్డరు మీద చేతిలో మిగిలింది 20 రూపాయలు. కాబట్టి అమ్మకాన్ని చూసి కాకుండా మిగులును చూసి పరిమితి పెట్టుకోవాలి.

ఏ మాటలు వెతికినవారికి ప్రకటన కనిపించాలో మీరు ఎంచుకునే పదాలను కీవర్డ్‌లు అంటారు. గూగుల్ యాడ్స్ ఖాతాలో కీవర్డ్ ప్లానర్ అనే సదుపాయం ఉంది. మీరు ఇచ్చిన పదాన్ని నెలకు దాదాపు ఎంతమంది వెతుకుతున్నారో, పేజీ పైభాగంలో చోటు కోసం ఇతరులు ఎంత నుంచి ఎంత వరకు చెల్లిస్తున్నారో అది చూపుతుంది. అక్కడ కనిపించే ధర 30 రూపాయలైతే, మీ పరిమితి 12.60 అయితే, ఆ పదం మీది కాదు. బడ్జెట్ పెంచినంత మాత్రాన మీదవదు. ధర 10 రూపాయల దరిదాపుల్లో ఉన్న పదాలు దొరికాయనుకుంటే, పది వేలకు 1,000 క్లిక్కులు, సుమారు 30 ఆర్డర్లు, 12,600 రూపాయల మిగులు. ప్రకటన ఖర్చు తీసివేయగా 2,600. ఇంత శ్రమకు ఇంతేనా అనిపించవచ్చు. అయితే పచ్చళ్ల వ్యాపారంలో అసలు ఆదాయం రెండో ఆర్డరులో ఉంటుంది. ఆ 30 మందిలో పదిమంది ఏడాదిలోగా ప్రకటనతో పని లేకుండా నేరుగా మీకే మరో రెండుసార్లు ఆర్డరు ఇస్తే, ఇంకో 8,400 రూపాయలు చేరతాయి. పాత ఆర్డర్ల పుస్తకం తిరగేసి, కొన్నవారిలో మళ్లీ కొన్నవారెందరో లెక్కించండి. ఆ లెక్క చేతిలో లేకుండా భవిష్యత్తు ఆర్డర్లను ఊహించుకుని పరిమితి పెంచుకోవడం మాత్రం మంచిది కాదు.

మొదటి నెల ఫలితాన్ని బట్టి తొందరపడి నిర్ణయం తీసుకోవద్దు. 100 మందిలో ముగ్గురు కొనే సైట్‌కు కూడా ఏదో ఒక 100 క్లిక్కుల వరసలో ఒక్క ఆర్డరూ రాకపోవడానికి సుమారు 20లో ఒక వంతు అవకాశం ఉంది. ఇది సంభావ్యత గణితం చెప్పే మాట. అదే 300 క్లిక్కులు దాటినా ఒక్కరూ కొనకపోతే, మీ సైట్‌లో కొనేవారి శాతం ఒకటికి లోపే ఉందని దాదాపు నిశ్చయించుకోవచ్చు. అప్పుడు తప్పు ప్రకటనలో కాక పేజీలోనో, ధరలోనో, కొరియరు రుసుములోనో ఉండే అవకాశం ఎక్కువ. అందుకే మొదటి బడ్జెట్‌ను అమ్మకాల కోసం పెట్టే ఖర్చుగా కంటే, మీ సైట్ సంగతి తెలుసుకోవడానికి కట్టే రుసుముగా చూడటం మేలు. దాన్ని పలచగా పంచడం కూడా పనికిరాదు. రోజుకు 330 రూపాయలంటే 33 క్లిక్కులు. వాటిని నలభై రకాల పచ్చళ్లకు పంచితే దేనికీ రోజుకు ఒక్క క్లిక్కు కూడా పూర్తిగా దక్కదు. బాగా అమ్ముడయ్యే మూడు నాలుగు రకాలతో, ఒక్క నగరంతో మొదలుపెట్టండి. ఏడాది పొడుగునా ఒకే మొత్తం పెట్టవలసిన అవసరమూ లేదు: కొత్త ఆవకాయ కోసం జనం వెతికే వేసవి నెలల్లో ఎక్కువ, వెతకని నెలల్లో తక్కువ పెట్టవచ్చు.

పన్ను గురించి ఒక మాట. గూగుల్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది కనుక పది వేల ప్రకటనలకు 11,800 సిద్ధంగా ఉంచుకోవాలి. మీరు తెలంగాణకు, కర్ణాటకకు సరుకు పంపుతున్నారు. రాష్ట్రం దాటి సరుకు అమ్మేవారికి చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ పథకం వర్తించదు, మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషనే ఉండాలి. ఆ నంబరును యాడ్స్ ఖాతాలోని చెల్లింపుల విభాగంలో నమోదు చేస్తేనే బిల్లు మీద అది వస్తుంది, ఆ 1,800 ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టవలసిన జీఎస్టీలో తగ్గింపుగా, తిరిగి దక్కుతుంది.

ప్రశ్న: మాది దంతవైద్యశాల. ఇంప్లాంట్ చికిత్స కోసం వెతికేవారికి కనిపించేలా క్లిక్కుకు 60 రూపాయల వరకు బిడ్ పెట్టాము. మా కంటే తక్కువ బిడ్ పెట్టానని చెబుతున్న మిత్రుడి క్లినిక్ ప్రకటన మాత్రం మా పైన వస్తోంది. ఇది ఎలా సాధ్యం? మేము 100 రూపాయలకు పెంచాలా?
– ఒక వైద్యుడు, విజయవాడ

సాధ్యమే, అందులో మోసమేమీ లేదు. ప్రకటనల చోటును గూగుల్ వేలం వేస్తుంది; క్లిక్కుకు ఇంతవరకు ఇస్తామని ఆ వేలంలో మీరు చెప్పే ధరే బిడ్. గుంటూరు మిర్చి యార్డులో ఎక్కువ ధర పలికినవారికే సరుకు దక్కినట్టు ఇక్కడ జరగదు. ఒకప్పుడు అలాగే జరిగేది. 1998లో అమెరికాలో బిల్ గ్రాస్ ప్రారంభించిన గోటూ డాట్ కామ్ ఎవరు ఎక్కువ చెల్లిస్తే వారిని పైన చూపేది. అదే తరువాత ఓవర్చర్ అని పేరు మార్చుకుని, 2003లో యాహూ చేతికి వెళ్లింది. గూగుల్ 2000 అక్టోబరులో యాడ్‌వర్డ్స్ (నేటి గూగుల్ యాడ్స్) ప్రారంభించినప్పుడు ప్రకటన ఎన్నిసార్లు కనిపించిందన్న దాన్ని బట్టి డబ్బు తీసుకునేది. 2002లో క్లిక్కుల వేలానికి మారుతూ ఒక కొత్త నియమం పెట్టింది: బిడ్‌తో పాటు, ఆ ప్రకటనను జనం ఎంతగా నొక్కుతారన్నదీ లెక్కలోకి వస్తుంది. ఎవరూ నొక్కని ప్రకటనను పైన పెడితే గూగుల్‌కు వచ్చేదేమీ ఉండదు కనుక, ఈ నియమం దాని సొంత లాభం కోసం పెట్టుకున్నదే. అయితే వెతికేవారికీ అది మేలు చేసింది.

లెక్కను సరళంగా ఇలా చూడండి. మీ బిడ్ 60, మీ ప్రకటన నాణ్యత 4 అనుకుందాము, గుణిస్తే 240. మీ మిత్రుని బిడ్ 40, నాణ్యత 8, గుణిస్తే 320. అందుకే ఆయన పైన ఉన్నారు. పైగా ఆయన 40 చెల్లించరు. మీ 240ని దాటడానికి ఆయనకు ఎంత అవసరమో అంతే చెల్లిస్తారు, అంటే 240ని 8తో భాగించగా వచ్చే 30 రూపాయలకు కొద్దిగా పైన. నేటి వేలంలో వెతికిన సమయం, ఊరు, ఫోనా కంప్యూటరా అన్నది, కనీస అర్హత ధరలు వంటివి ఇంకా ఎన్నో కలుస్తాయి. అయినా ఈ గుణకారంలోని సారం మారలేదు. మీరు 100కు పెంచితే గుణకారం 400 అవుతుంది, పైకి వెళతారు, కానీ ఆయన 320ని దాటడానికి మీరు క్లిక్కుకు 80 రూపాయల పైన కట్టవలసి వస్తుంది. ఆయన 30 కట్టే చోటికి మీరు 80 కడతారు.

అందుచేత బిడ్ కంటే ముందు నాణ్యతను చూడండి. ఖాతాలో ప్రతి కీవర్డ్ పక్కన 1 నుంచి 10 వరకు క్వాలిటీ స్కోర్ కనిపించేలా పెట్టుకోవచ్చు. వేలంలో నేరుగా వాడేది ఆ అంకెను కాదు గానీ, లోపం ఎక్కడుందో అది చెబుతుంది: ప్రకటనను నొక్కే అవకాశం, వెతికిన మాటకూ ప్రకటనకూ ఉన్న పొందిక, నొక్కాక తెరుచుకునే పేజీ పరిస్థితి అన్న మూడింటిని విడివిడిగా సగటుకు పైన, సగటు, సగటుకు కింద అని చూపుతుంది. క్లినిక్‌లలో మేము తరచుగా గమనించే లోపం మూడోది. ఇంప్లాంట్ అని వెతికి వచ్చిన రోగిని ఆసుపత్రి ముఖపేజీకి పంపిస్తారు; అక్కడ ప్రారంభోత్సవం ఫొటోలు ఉంటాయి, ఇంప్లాంట్ గురించి ఒక్క ముక్క ఉండదు. ఆ చికిత్సకు విడిగా ఒక పేజీ రాయించి, అందులో చికిత్స విధానం, ఎన్నిసార్లు రావాలి, ఖర్చు ఏ మేరకు ఉంటుంది, చిరునామా, నొక్కితే ఫోను కలిసే నంబరు పెట్టండి. దంతవైద్యుల వృత్తి నియమావళి ప్రకటనలపై పెట్టిన పరిమితులను కూడా దృష్టిలో ఉంచుకుని రాయించాలి.

మీ పరిమితిని లెక్కించేటప్పుడు పచ్చళ్ల వ్యాపారానికీ మీకూ ఉన్న రెండు తేడాలు గమనించండి. మీకు ఆర్డరు సైట్‌లో రాదు, ఫోనులో వస్తుంది. అందువల్ల ప్రకటన చూసి చేసిన కాల్స్ ఎన్ని, వాటిలో చికిత్స దాకా వచ్చినవి ఎన్ని అన్నది మీ రిసెప్షన్‌లో ఎవరో ఒకరు రాసి పెట్టక తప్పదు. 100 క్లిక్కులకు 8 ఫోన్లు, వాటిలో ఇద్దరు రోగులు, ఒక్కొక్కరి మీద 10,000 మిగులు అనుకుంటే క్లిక్కు విలువ 200 రూపాయలు. రెండో తేడా పన్నులో ఉంది. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కనుక ప్రకటనల మీద కట్టిన 18 శాతం మీకు క్రెడిట్‌గా తిరిగి రాదు. అది నేరుగా ఖర్చే. ఆ 200లో క్లిక్కు ధరగా మీరు పెట్టగలిగేది నిజానికి 169 మాత్రమే, మిగిలింది దాని మీది పన్నుకు పోతుంది.

ప్రశ్న: రోజుకు 500 రూపాయలు మించకూడదని బడ్జెట్ పెట్టాను. ఒక రోజు 940 రూపాయలు ఖర్చయినట్టు చూపింది. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

నియమాల ప్రకారం న్యాయమే. మీరు పెట్టినది రోజువారీ గరిష్ఠం కాదు, రోజువారీ సగటు. వెతికేవారు ఎక్కువగా ఉన్న రోజున అంతకు రెట్టింపు వరకు ఖర్చు చేసే వెసులుబాటును గూగుల్ 2017 అక్టోబరు నుంచి తనకు తాను ఇచ్చుకుంది. అందుకు బదులుగా నెల మొత్తం మీద ఆ సగటుకు 30.4 రెట్లు మించి వసూలు చేయదు; ఏడాదిలోని 365 రోజులను 12తో భాగిస్తే వచ్చే అంకె అది. మీ విషయంలో నెలకు 15,200 మించదు, మించినది బిల్లులో తగ్గిస్తారు.

ఇబ్బంది ఎవరికంటే, నెల పొడుగునా కాక పండుగకు ముందు నాలుగైదు రోజులు మాత్రమే ప్రకటన నడిపేవారికి. నెల పూర్తి కాదు కనుక ఆ నెలవారీ పరిమితి వారిని కాపాడదు. ప్రతిరోజూ రెట్టింపు పోయే ప్రమాదం ఉంది. అటువంటివారు తాము నిజంగా భరించగల దానిలో సగాన్నే రోజు బడ్జెట్‌గా పెట్టి, సాయంత్రానికి ఒకసారి చూసుకోవడం మంచిది.

ప్రశ్న: మా చేనేత చీరల దుకాణం పేరు టైపు చేసినా పోటీ దుకాణం ప్రకటన ముందు వస్తోంది. మా పేరు మీద మేమే ప్రకటన కొనుక్కోవాలా? వారిని ఆపే మార్గం లేదా?
– ఒక పాఠకుడు, చీరాల

మొదటి ప్రశ్న మీద ప్రసిద్ధమైన ప్రయోగం ఒకటి ఉంది. ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఈబే 2012లో తన పేరు ఉన్న కీవర్డ్‌ల ప్రకటనలను కొంతకాలం ఆపి చూసింది. ప్రకటన ద్వారా వచ్చే ఆ క్లిక్కుల్లో 99.5 శాతం, కింద ఉచితంగా కనిపించే లింకు ద్వారా ఎలాగూ వచ్చేశాయి. బ్లేక్, నాస్కో, టాడెలిస్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2015లో ఎకనోమెట్రికా పత్రికలో ఈ ఫలితాలను ప్రచురించారు. పేరు తెలిసి వెతికేవాడు ఎలాగూ మన దగ్గరికే వస్తాడు, మధ్యలో గూగుల్‌కు సుంకం కట్టడం ఎందుకన్నది దాని సారాంశం.

అయితే ఈబే పేరు ప్రపంచానికంతా తెలుసు; మీ పేరు వెతికి మీ దగ్గరికే వచ్చేవారు ఎందరో, పక్క దుకాణం ప్రకటన చూసి అటు మళ్లేవారు ఎందరో ఈబే ప్రయోగం చెప్పదు. మీ పేరు మీద క్లిక్కు ధర సాధారణంగా చాలా తక్కువ, ఎందుకంటే మీ ప్రకటనకూ ఆ పేరుకూ ఉన్న పొందిక మరెవరికీ ఉండదు. పోటీదారు నిజంగా మీ పేరు మీద బిడ్ చేస్తున్నాడు కనుక, చిన్న మొత్తంతో పెట్టండి. రెండు వారాలు పెట్టి, రెండు వారాలు ఆపి, మొత్తం అమ్మకంలో తేడా ఉందో లేదో చూసి తరువాత నిర్ణయించుకోండి. ఈ ఖర్చును కొత్త కొనుగోలుదారుల కోసం పెట్టే బడ్జెట్‌లో మాత్రం కలపవద్దు. కలిపితే, ముందే మీ పేరు తెలిసినవారు చేసిన కొనుగోళ్లు లెక్కలోకి వచ్చి, ప్రకటనలన్నీ అద్భుతంగా పనిచేస్తున్నట్టు కనిపిస్తాయి.

చట్టం సంగతికి వస్తే, ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ అయి ఉంటే ప్రకటన వాక్యాలలో ఇతరులు మీ పేరు వాడటంపై గూగుల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కీవర్డ్‌గా వాడటాన్ని మాత్రం గూగుల్ తన నిబంధనల ప్రకారం ఆపదు. ఢిల్లీ హైకోర్టు 2023లో రెండు తీర్పుల్లో ఈ విషయం పరిశీలించింది. డీఆర్‌ఎస్ లాజిస్టిక్స్ కేసులో గూగుల్‌ది కేవలం ప్రేక్షక పాత్ర కాదని, కొనుగోలుదారులకు తికమక కలిగితే కీవర్డ్ వాడకం కూడా ఉల్లంఘన కావచ్చని చెప్పింది. మేక్‌మైట్రిప్, బుకింగ్ డాట్ కామ్ కేసులో తికమక లేనప్పుడు పోటీదారు పేరు మీద బిడ్ చేయడం దానంతట అదే ఉల్లంఘన కాదని చెప్పింది. పోటీ దుకాణం ప్రకటన చూసినవారు అది మీ దుకాణమే అనుకునేలా ఉందా లేదా అన్నదే మీ న్యాయవాది అడగబోయే మొదటి ప్రశ్న.

ప్రశ్న: మా నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ సెంటరు ప్రకటనలను ఒక ఏజెన్సీ చూస్తోంది. నెలకు 40,000 ఇస్తున్నాము. ప్రకటన లక్షలసార్లు కనిపించిందని ప్రతి నెలా రంగుల రిపోర్టు పంపుతూ, బడ్జెట్ రెట్టింపు చేయమంటున్నారు. అడ్మిషన్లు మాత్రం నాలుగైదు దాటడం లేదు. ఏమి చేయాలి?
– ఒక డైరెక్టరు, హనుమకొండ

రెట్టింపు చేయకండి. ముందు మూడు విషయాలు తేలాలి, వాటిని మీరు స్వయంగా చూడాలి.

ఖాతా ఎవరి పేరున ఉంది? మీ సంస్థ ఈమెయిల్‌తో తెరిచి, మీరు అడ్మిన్‌గా ఉండి, ఏజెన్సీకి వారి మేనేజర్ ఖాతా ద్వారా అనుమతి ఇచ్చి ఉండాలి. వారి ఖాతాలోనే మీ ప్రకటనలు నడిపితే, వారిని మార్చిన రోజున ఇన్నాళ్ల చరిత్ర అంతా వారి దగ్గరే ఉండిపోతుంది. మీరిచ్చిన 40,000లో గూగుల్‌కు వెళ్లింది ఎంత, ఏజెన్సీ రుసుము ఎంత అన్నది కూడా గూగుల్ బిల్లు చూస్తేనే తెలుస్తుంది. రుసుము ఎక్కువా తక్కువా అన్నది వేరే సంగతి. అది కనిపించకుండా ఉండటం మాత్రం ఒప్పుకోదగినది కాదు.

తరువాత సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిపించండి. ఇది మీరు ఎంచుకున్న కీవర్డ్‌ల జాబితా కాదు. జనం నిజంగా టైపు చేసిన మాటల జాబితా. కోచింగ్ సెంటర్ల ఖాతాలలో సాధారణంగా కనిపించే దృశ్యం ఇది: నీట్ హాల్ టికెట్, నీట్ కటాఫ్ మార్కులు, నీట్ సిలబస్ పీడీఎఫ్, ఉచిత మాక్ టెస్ట్ అని వెతికిన పిల్లలు నొక్కిన క్లిక్కులకు యాజమాన్యం డబ్బు కడుతూ ఉంటుంది. వారిలో ఫీజు కట్టి చేరదామని వచ్చినవారు అరుదు. కీవర్డ్‌ను బ్రాడ్ మ్యాచ్‌లో పెడితే గూగుల్ తనకు సంబంధం ఉందని తోచిన ప్రతి వెతుకులాటకూ ప్రకటన చూపుతుంది; ఫ్రేజ్, ఎగ్జాక్ట్ అన్న పద్ధతుల్లో ఆ స్వేచ్ఛ క్రమంగా తగ్గుతుంది. హాల్ టికెట్, రిజల్ట్స్, సిలబస్, ఫ్రీ, పీడీఎఫ్ వంటి మాటలను నెగటివ్ కీవర్డ్‌లుగా చేర్చితే అవి ఉన్న వెతుకులాటలకు మీ ప్రకటన రాదు. మా దృష్టిలో చిన్న ఖాతాలో బడ్జెట్ పెంచడానికి ఉన్న చవకైన మార్గం ఇదే: కొత్త డబ్బు పెట్టకుండా, వృథా అవుతున్నదాన్ని ఆపడం. 2020 సెప్టెంబరు నుంచి తక్కువ మంది వెతికిన మాటలను గూగుల్ ఈ రిపోర్టులో దాచిపెడుతోంది, కనుక చిత్రం పూర్తిగా కనిపించదు. కనిపించినంత మేరకైనా వారానికి ఒకసారి చూడవలసిందే.

మూడోది, ప్రకటన ఎక్కడ కనిపిస్తోంది? లక్షలసార్లు అన్న అంకె వింటే మాకు వెంటనే కలిగే అనుమానం, మీ సెర్చ్ ప్రచారంలో డిస్‌ప్లే నెట్‌వర్క్ కూడా టిక్ చేసి ఉందేమోనని. అలా ఉంటే మీ ప్రకటన కోచింగ్ కోసం వెతికేవారికే కాక, ఇతర వెబ్‌సైట్లలో, యాప్‌లలో కూడా కనిపిస్తుంది. కనిపించినన్ని సార్లు గొప్పగా ఉంటుంది, అడ్మిషను రాదు. ఖాతాలో ఆటో అప్లై సిఫారసులు, అంటే గూగుల్ తన సూచనలను మిమ్మల్ని అడగకుండా తానే అమలు చేసే ఏర్పాటు, ఆన్‌లో ఉన్నాయేమో కూడా చూడండి. ఆప్టిమైజేషన్ స్కోర్ పేరిట గూగుల్ ఇచ్చే సిఫారసుల్లో బడ్జెట్ పెంచమన్నది తరచుగా ఉంటుంది; ఆ సలహా ఇచ్చేవారే ఆ డబ్బు తీసుకునేవారు కూడా అన్నది మరిచిపోకూడదు. స్కోరు 100 శాతం చేరడం ఏజెన్సీ సామర్థ్యానికి రుజువు కాదు.

ఇవన్నీ సరిచేశాక కూడా 40,000కు అడ్మిషన్లు ఐదే అయితే, ఒక్కొక్కదానికి 8,000 పడుతున్నట్టు. లాంగ్ టర్మ్ ఫీజులో ఖర్చులు పోగా మీకు మిగిలేది అంతకు ఎన్నో రెట్లైతే అది చెడ్డ లెక్క కాదు, అప్పుడు పెంచడం గురించి మాట్లాడవచ్చు. ఆ పెంపు కూడా విద్యార్థులు నిర్ణయం తీసుకునే నెలల్లోనే, అంటే నీట్ ఫలితాలు వెలువడిన తరువాతి వారాల్లోనే జరగాలి గానీ, క్లాసులు మొదలై సీట్లు నిండిన తరువాత కాదు.

ప్రశ్న: డాలస్ ప్రాంతంలో తెలుగు పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు క్యాటరింగ్ చేస్తున్నాము. కీవర్డ్‌లు తెలుగు లిపిలో పెట్టాలా, ఇంగ్లీషులోనా? భాష సెట్టింగులో తెలుగు ఎంచుకుంటే మనవాళ్లకే కనిపిస్తుందా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

మీ ఖాతాలో భాష సెట్టింగు ఇంకా కనిపిస్తూ ఉంటే, అందులో తెలుగు ఒక్కటే ఎంచుకోవద్దు. గూగుల్ 2018 నుంచి తెలుగులో ప్రకటనలను అనుమతిస్తోంది, నిజమే. అయితే ఆ సెట్టింగు వెతికేవారి మాతృభాషను పట్టి చూడదు. వారి ఫోను, బ్రౌజరు ఏ భాషలో ఉన్నాయి, వారు ఏ భాషలో వెతుకుతున్నారు వంటి ఆనవాళ్లను చూస్తుంది. అమెరికాలోని తెలుగువారిలో ఫోను ఇంగ్లీషులో వాడేవారే ఎక్కువ, కనుక వారిలో చాలామంది మీకు దూరమవుతారు. ఇంగ్లీషునూ తెలుగునూ రెండింటినీ ఎంచుకుని, మనవాళ్లను పట్టుకునే పనిని కీవర్డ్‌లకు వదిలేయండి. ఇండియన్ క్యాటరింగ్ అన్న పదానికి పోటీ ఎక్కువ, ధరా ఎక్కువ; ఆంధ్రా క్యాటరింగ్, తెలుగు వెడ్డింగ్ క్యాటరింగ్, పులిహోర, గుత్తివంకాయ వంటి మాటలను ఇంగ్లీషు లిపిలో టైపు చేసేవారు తక్కువమందే అయినా వారు మీకు కావలసినవారే. ప్రకటన శీర్షికకు 30 అక్షరాల పరిమితి ఉంది కనుక "అరిటాకు భోజనం" వంటి చిన్న మాటలు బాగా పనికివస్తాయి.

ఊళ్ల సెట్టింగును కూడా సరిచూసుకోండి. మామూలుగా అది ఆ ఊళ్లో ఉన్నవారికే కాక, ఆ ఊరిపై ఆసక్తి చూపినవారికి కూడా ప్రకటన చూపేలా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే, ఫ్రిస్కోలోని బంధువుల గురించి హైదరాబాదులో కూర్చుని వెతికినవారు నొక్కిన క్లిక్కుకు కూడా మీరు డాలర్లు చెల్లించవలసి రావచ్చు. ఆ ప్రాంతంలో ఉన్నవారికి మాత్రమే అన్న ఎంపికకు మార్చి, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వంటి మీరు వండి చేర్చగల ఊళ్లనే ఉంచండి.

ప్రశ్న: పోటీదారు రోజూ మా ప్రకటనను నొక్కి మా డబ్బు వృథా చేస్తున్నాడని అనుమానం. ఎలా ఆపాలి?
– ఒక పాఠకుడు, నిజామాబాదు

అనుమానం అసాధ్యమైనది కాదు. క్లిక్కుల మోసంపై అమెరికాలో ప్రకటనదారులు వేసిన కేసులో గూగుల్ 2006లో 9 కోట్ల డాలర్ల మేర రాజీ ఒప్పందం చేసుకుంది. ఒకే మనిషి పదే పదే నొక్కిన క్లిక్కులను గూగుల్ చాలావరకు తానే గుర్తించి లెక్కలోంచి తీసివేస్తుంది. ఖాతాలోని పట్టికలో ఇన్‌వాలిడ్ క్లిక్స్ అన్న గడిని చేర్చుకుంటే అవెన్నో మీకు కనిపిస్తాయి. వాటికి డబ్బు పడదు. నొక్కినవారి ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే ఐపీ చిరునామాలను నిరోధించే సదుపాయం ఉంది గానీ, మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే చిరునామాను ఎందరో పంచుకుంటారు, అది మారుతూ కూడా ఉంటుంది కనుక దానివల్ల మీ అసలు కొనుగోలుదారులే ఆగిపోయే ప్రమాదముంది. ప్రకటన నడిచే ప్రాంతాన్ని, వేళలను మీ వ్యాపారానికి తగినట్టు కుదించండి. ఆ తరువాత కూడా ఏదో ఒక వేళ క్లిక్కులు అకారణంగా పెరిగితే, తేదీలతో, మీ సైట్‌కు ఎవరెప్పుడు వచ్చారో నమోదయ్యే సర్వర్ లాగ్‌లతో గూగుల్‌కు పరిశీలన కోసం దరఖాస్తు పెట్టండి. దానికి ముందు మీ సెర్చ్ టర్మ్స్ రిపోర్టును ఒకసారి చూడండి. మా దగ్గరకు ఈ ఫిర్యాదుతో వచ్చిన ఖాతాలలో ఎక్కువ వాటిలో డబ్బు పోయింది పోటీదారు వల్ల కాదు, బ్రాడ్ మ్యాచ్ వల్ల.